సున్నా రాయాలా, ఖాళీగా వదలాలా?

సున్నాకి ఒంటరిగా విలువ లేదు, ఏదో ఒక అంకె పక్కన నిలబడితేనే దానికి విలువ వస్తుంది అని చిన్న క్లాసులో లెక్కల టీచరు చెప్పారు. పోయిన ఏడు వరకూ నేనూ అదే నమ్మాను. పోయిన ఏడు మార్చి నెలలో నేను ఒక కాగితం మీద రెండు సున్నాలు రాశాను. వాటి పక్కన ఏ అంకే లేదు. అయినా వాటికి ఎంత విలువ ఉందో నాకు ఆలస్యంగా తెలిసింది.

ఈ వ్యాసం ఆ రెండు సున్నాల గురించే. మనం చూడని దాన్ని "లేదు" అని రాస్తే అది అబద్ధమా? ఆ "లేదు" తర్వాత నిజమేనని తేలితే అప్పుడు కూడా అబద్ధమేనా? ఇదే నా ప్రశ్న. ముందు జరిగిన సంగతి చెప్తాను, తర్వాత నాకు తోచింది రాస్తాను.

మన చెన్నైకి దక్షిణాన పళ్ళికరణై అనే పెద్ద చిత్తడి నేల ఉన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. తమిళంలో సదుప్పు నిలం అంటారు. వానలు పడితే చుట్టుపక్కల చెరువులు పొంగి ఆ నీళ్ళు అక్కడికే చేరతాయి. అక్కణ్ణుంచి ఒక్కియం మడువు గుండా బకింగ్‌హామ్ కాలువలోకి, ఆ కాలువ నుంచి కోవళం దగ్గర సముద్రంలోకి పోతాయి. ఆ కాలువ మన తాతల కాలువ కూడా. మా ముత్తాత నెల్లూరు వైపు నుంచి దాని మీదే పడవలో సరుగుడు కట్టెలు తెచ్చి ఇక్కడ అమ్మేవాడట. చివరికి ఇక్కడే ఉండిపోయాడు. అందుకే పళ్ళికరణై నీళ్ళు ఆ కాలువలో కలుస్తాయని తెలిసినప్పుడు నాకు అది పరాయి చోటులాగా అనిపించలేదు.

2022లో ఆ నేలని రామ్‌సర్ జాబితాలో చేర్చారు. అంటే ప్రపంచం మొత్తం మీద కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల్లో అదీ ఒకటి. జాబితాలో ఉన్నది సుమారు 1,247 హెక్టార్లు. ఒకప్పుడు దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఇప్పుడు ఒక పక్క పెరుంగుడి చెత్త డంపు, ఇంకో పక్క కంపెనీలు, అపార్ట్‌మెంట్లు, మధ్యలో రోడ్డు. 2015 డిసెంబరు వరదల్లో ఆ చుట్టుపక్కల వీధులు మునిగినప్పుడు, నీళ్ళ చోటు మనం తీసుకుంటే నీళ్ళు మన చోటు తీసుకుంటాయని ఊరంతా చూసింది. ఇంత జరిగినా ఇప్పటికీ అక్కడికి గూడబాతులు వస్తాయి, నీటికాకులు వస్తాయి, ఊదారంగు నీటికోళ్ళు రెల్లు మధ్యలో కాళ్ళు ఎత్తి ఎత్తి నడుస్తాయి.

మా ఎకో క్లబ్బు ఆ నేల అంచున పక్షుల్ని, గూళ్ళని లెక్కపెట్టే పని పెట్టుకుంది. జనవరిలో సంక్రాంతి సెలవుల్లో తమిళనాడు అంతటా పొంగల్ పక్షుల లెక్క జరుగుతుంది, 2015 నుంచి జరుగుతోంది. మా సైన్సు టీచరు మమ్మల్ని దానికి తీసుకెళ్ళారు. అది బాగా నచ్చి, ఫిబ్రవరి చివరి నుంచి ఆరు శనివారాలు మనమే ఒక లెక్క తీద్దాం అన్నారు. లోపలికి దిగకూడదు, రోడ్డు పక్కనుంచే చూడాలి. ఆరు చోట్లు, ఒక్కో చోటికి ముగ్గురు, మొత్తం పద్దెనిమిది మంది. వాళ్ళందరి పని కుదిర్చే బాధ్యత నాకు ఇచ్చారు. ఆ పేరు వినడానికి పెద్దగానే ఉంది, సమన్వయకర్త. చేసే పని మాత్రం అందరి అమ్మానాన్నల దగ్గర ఒప్పుదల కాగితాలు తేవడం, ఏ బస్సు ఎన్నింటికో కనుక్కోవడం, ఆడపిల్లలతో ఎవరైనా పెద్దవాళ్ళు వస్తారా అని అడగడం, ఉన్న మూడు బైనాక్యులర్లని ఆరు గుంపులకి సర్దడం.

పనికి కొన్ని పద్ధతులు ఉన్నాయి. అందరూ ఒకేసారి, పొద్దున ఆరున్నరకి మొదలుపెట్టాలి. లేకపోతే ఒక చోట లేచిన కొంగల గుంపు ఇంకో చోట వాలితే రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ప్రతి చోటా సరిగ్గా పదిహేను నిమిషాలు నిలబడాలి. ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి, ఒకరు టైము చూడాలి. గూడు కనిపిస్తే దగ్గరికి పోకూడదు, ఫొటో తీసి అందరికీ పంపకూడదు. పిట్టని రప్పించడానికి ఫోన్లో దాని కూత పెట్టకూడదు. ఇవన్నీ నేనే పెద్ద అక్షరాలతో రాసి అందరికీ ఇచ్చాను. ఒక్కటి మాత్రం రాయలేదు. చూడలేకపోతే ఏం రాయాలి అన్నది. ఆ మాట మాకు ఎవరికీ తట్టలేదు.

5వ చోటు అంటే ఎవరికీ ఇష్టం లేదు. అక్కడ నీళ్ళు లేవు, చెట్టు లేదు. రోడ్డుకీ బురదకీ మధ్య మిగిలిపోయిన కంకర నేల, అక్కడక్కడా మేకపెంటికలు. ఆ గుంపుకి మా క్లాసు అబ్బాయి ఒకడు పెద్ద. వాడి పేరు రాయను, వాడూ ఈ పత్రిక చదువుతాడు. మొదటి మూడు వారాలు వాళ్ళు వెళ్ళి నిలబడి చూసి వచ్చారు. గూళ్ళు అన్న గడిలో మూడుసార్లూ సున్నా. నాలుగో వారం, ఐదో వారం వాళ్ళు వెళ్ళలేదు. కాగితం ఖాళీగా ఇచ్చాడు. "కుదర్లేదు" అన్నాడు. ఎందుకు కుదర్లేదని నేను అడగలేదు. ఆరో వారం వెళ్ళారు గానీ వాన తుంపర పడుతుంటే ఆరేడు నిమిషాలకే వెనక్కి వచ్చేసి సున్నా రాసిచ్చారు.

సోమవారం మొత్తం పట్టిక టీచరుకి ఇవ్వాలి. ఆరు చోట్లు, ఆరు వారాలు, ముప్పై ఆరు గళ్ళు. ముప్పై నాలుగు నిండాయి, రెండు ఖాళీ. రాత్రి పది గంటలకి ఆ రెండు ఖాళీలు చూస్తూ కూర్చున్నాను. మూడు వారాలు సున్నా వచ్చింది, ఆరో వారం కూడా సున్నానే, మధ్యలో రెండు వారాలు ఇంకేం ఉంటుంది అనుకున్నాను. 4వ వారం సున్నా, 5వ వారం సున్నా అని రాసేశాను. పట్టిక అందంగా కనిపించింది. ఆ రాత్రి నిద్ర కూడా బాగా పట్టింది. ఇది దాచకుండా చెప్తున్నాను, ఎందుకంటే తప్పు చేసినప్పుడు మనసు గుచ్చుకుంటుందని కథల్లో ఉంటుంది గానీ నాకేం గుచ్చుకోలేదు.

ఏప్రిల్ రెండో ఆదివారం అక్కడి అపార్ట్‌మెంట్ల పెద్దలు కొందరు ఆ అంచున ప్లాస్టిక్ ఏరే కార్యక్రమం పెట్టారు. మంచి పనే. మమ్మల్నీ రమ్మన్నారు. వాళ్ళు ఎంత జాగ్రత్తగల మనుషులంటే, గూళ్ళు ఉన్న చోట తొక్కకూడదని ముందే మా టీచరుని అడిగారు. టీచరు మా పట్టిక చూశారు. 2వ చోట గూడు ఉంది, 3వ చోట ఉంది, అక్కడికి వెళ్ళొద్దని చెప్పారు. 5వ చోట ఆరు వారాలూ సున్నా. నిండిన గోతాలు తెచ్చి వేయడానికి అదే మంచి చోటని తేల్చారు.

ఆ రోజు నలభై మంది దాకా వచ్చాం. కంకర మీద గోతాలు ఒకటి తర్వాత ఒకటి పడుతున్నాయి. పైన రెండు తీతువు పిట్టలు ఒకటే అరుపు. మీరు వినే ఉంటారు. మా అవ్వ అయితే తీతువు కూత వింటే చెడు జరుగుతుందని చెవులు మూసుకుంటుంది. తమిళంలో దాన్ని ఆళ్కాట్టి అంటారు, మనిషి వస్తున్నాడని చాటి చెప్పే పిట్ట అని. ఇంగ్లీషు వాళ్ళకి దాని కూత "డిడ్ హీ డూ ఇట్" అన్నట్టు వినిపిస్తుందట. "వాడు చేశాడా?" అని. మాకు మాత్రం ఆ రోజు అది ఉత్త గోలలాగానే వినిపించింది. 5వ చోటు అబ్బాయి ఒక్కడే ఆగాడు. "ఇది ఊరికే ఇట్లా అరవదు, అందరూ కాసేపు కదలకండి" అన్నాడు.

తీతువు గూడు కట్టదు. నేల మీద చిన్న గుంట చేసి, చుట్టూ గులకరాళ్ళు, మేకపెంటికలు పేర్చి గుడ్లు పెడుతుంది. మామూలుగా నాలుగు. మట్టి రంగు మీద నల్ల మచ్చలు, కంకరలో కంకరలాగే ఉంటాయి. మనిషి దగ్గరికి వస్తే పిట్ట గుడ్ల మీదనుంచి లేచి చప్పుడు లేకుండా దూరంగా నడిచిపోయి అక్కడ అరుస్తుంది. అందుకే నడుస్తూ వెతికితే దొరకదు. నిలబడాలి, అది తిరిగి వచ్చి కూర్చునేదాకా ఆగాలి. నిజం నిలకడ మీద తెలుస్తుందని మన పెద్దలు అంటారు కదా. ఆ సామెత తీతువు గూటికి అక్షరాలా సరిపోతుంది.

దూరంగా పోయి నిలబడ్డాం. పది నిమిషాలు పట్టింది. పిట్ట వచ్చింది. గోతాల వరసకి నాలుగు అడుగుల్లో ఒక గుంట, అందులో రెండు గుడ్లు. మిగతా రెండూ గోతం కింద చితికిపోయి ఉన్నాయి. వెంటనే గోతాలన్నీ తీసి రోడ్డు పక్కకి మార్చారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. "పిల్లల లెక్కలో లేదుగా" అని ఒకాయన మాత్రం అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్లు, పక్షుల్ని కాపాడటానికి లెక్క తీస్తామని వెళ్ళి ఆ లెక్కతోనే గుడ్లు చితక్కొట్టాం.

మర్నాడు టీచరు దగ్గరికి వెళ్ళి ఆ రెండు సున్నాలు నేను రాసినవని చెప్పాను. ఆమె తిట్టలేదు. పట్టిక తీసి నా ముందు పెట్టారు. "చెరిపెయ్యకు. ఒక గీత కొట్టు, పక్కన తేదీ వేసి సంతకం పెట్టు. ముందు ఏం రాసి ఉందో కూడా కనబడాలి" అన్నారు. అట్లాగే చేశాను. పట్టిక ఇప్పుడు అందంగా లేదు.

ఇప్పుడు నా ప్రశ్నకి వస్తాను. నా వైపు వాదించడానికి కొన్ని మాటలు ఉన్నాయి. వాటిని నేనే ముందు చెప్తాను.

మొదటిది, నేను ఊహించింది తప్పని ఎవరూ నిరూపించలేరు. తీతువు నెల రోజుల దాకా గుడ్లని పొదుగుతుంది. ఆ గుడ్లు ఎప్పుడు పెట్టిందో మాకు తెలియదు. 4వ వారం నిజంగానే గూడు లేకపోయి ఉండొచ్చు. అట్లయితే నా సున్నా నిజం అవుతుంది కదా? దీని మీద చాలా రోజులు ఆలోచించాను. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసిన జవాబు సరైనదే కావొచ్చు. జవాబు సరైనది అయినంత మాత్రాన అది నా జవాబు అయిపోతుందా? సున్నా అని రాస్తే దాని అర్థం "అక్కడ గూడు లేదు" అని మాత్రమే కాదు. "మేం వెళ్ళాం, పదిహేను నిమిషాలు నిలబడ్డాం, వెతికాం, కనబడలేదు" అని. ఆ నాలుగు మాటల్లో మొదటి మూడూ అబద్ధం. నాలుగోది నిజమైనా కాకపోయినా మొదటి మూడూ అబద్ధమే. కాబట్టి అక్కడ గూడు ఉందా లేదా అన్న దాని మీద నా తప్పు ఆధారపడి లేదు. గుడ్లు చితకకపోయి ఉంటే కూడా అది తప్పే. కాకపోతే నాకు తెలిసేది కాదు.

రెండోది, కుక్కలూ కాకులూ తినేసే గుడ్లు ఎన్నో ఉంటాయి, రెండు గుడ్లకి ఇంత గొడవా అని. మా ఇంట్లోనే అడిగారు. నిజమే, కాకిని ఎవరూ తప్పు పట్టరు. కానీ కాకి తన దగ్గర లెక్క ఉందని ఎవరికీ చెప్పలేదు. మేం చెప్పాం. ఆ పెద్దలు మమ్మల్ని నమ్మారు కాబట్టే అక్కడ గోతాలు వేశారు. మా లెక్కే లేకపోతే ఎవరైనా ఒకసారి ఆగి చూసేవాళ్ళేమో. తెలియనివాడు జాగ్రత్తగా నడుస్తాడు. తప్పు తెలిసినవాడు ధైర్యంగా నడుస్తాడు.

మూడోది, 5వ చోటు వాళ్ళు వెళ్ళలేదు కాబట్టి తప్పు వాళ్ళది అని. ఇది నేను కూడా రెండు రోజులు అనుకున్నాను. కానీ వాడు అబద్ధం చెప్పలేదు. ఖాళీ కాగితం ఇచ్చాడు. అది ఎంత నిజమైన కాగితమో అప్పుడు నాకు అర్థం కాలేదు. సమన్వయకర్త తన కళ్ళతో ఏమీ చూడడు. పద్దెనిమిది మంది చూసింది చూసినట్టు చేరవేయడమే అతని పని. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం తెచ్చి ఇస్తాడు. ఉత్తరం రాలేదంటే రాలేదని చెప్తాడు. ఇంట్లోవాళ్ళు బాధపడతారని తనే ఒకటి రాసి ఇవ్వడు.

ఆరో వారం సున్నా సంగతి కూడా ఉంది. వానలో ఆరేడు నిమిషాలు నిలబడి రాసిన సున్నా. అది వాళ్ళు రాసిందే, కానీ "వాన, ఏడు నిమిషాలు" అని పక్కన రాయమని నేను చెప్పలేదు. ఎంతసేపు చూశామో చెప్పని "లేదు" సగం మాటే.

చూడని చోట "లేదు" అనుకోవడం ఎంత పెద్ద సంగతో చెప్పడానికి కలివికోడి కథ చాలు. అది మన కడప వైపు పొదల్లో ఉండే పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. ఇక లేదనే చాలామంది అనుకున్నారు. 1986లో లంకమల కొండల దగ్గర మళ్ళీ దొరికింది. అది రాత్రిపూట తిరిగే పిట్ట. రాత్రి పొదల్లో తిరిగే ఆ ఊరి మనిషి దీపం వెలుతురులో దాన్ని పట్టి చూపించాడు. అంటే అన్నేళ్ళ "లేదు" వెనక ఉన్నది పిట్ట లేకపోవడం కాదు, అది ఉండే వేళకి, ఉండే చోటికి ఎవరూ వెళ్ళకపోవడం. ఆ తర్వాత పని చేసినవాళ్ళు పొదల మధ్య ఇసుక పట్టీలు పరిచి, తెల్లారి దాని అడుగుల ముద్రలు వెతికారు, కెమెరాలు కట్టారు. తెలుగు గంగ పథకం కాలువ ఆ పొదల గుండా పోబోతుంటే, పిట్ట ఎక్కడ ఉందో రుజువులు ఉండబట్టి కాలువ దారి మార్చగలిగారు. అదే పథకం మీద మన చెన్నైకి కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. మనం తాగే నీళ్ళకీ ఆ పిట్టని వెతికిన ఓపికకీ కూడా సంబంధం ఉంది.

ఇది పిట్టల సంగతి మాత్రమే కాదనిపిస్తుంది నాకు. మా అవ్వ ఒక మాట చెప్తూ ఉంటుంది. ఎప్పుడో ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకునే మనిషి ఒకాయన మా వీధికి వచ్చాడట. అవ్వ నీళ్ళు పట్టుకోవడానికి పోయి ఉంది. పక్కింటివాళ్ళని అడిగి మా ఇంట్లో మాట్లాడే భాష కూడా తమిళమే అని రాసుకుపోయాడట. ఆయనకి మన మీద ఏ ద్వేషమూ లేదు. వీధంతా తమిళం, ఈ ఇల్లూ అదే అయి ఉంటుంది అనుకున్నాడు. నేను ఆ రాత్రి అనుకున్నదీ అదే కదా. "మూడు వారాలు సున్నా, ఇదీ సున్నానే." ఈ కథ విన్నప్పుడల్లా నాకు ఆయన మీద కోపం వచ్చేది. ఇప్పుడు కొంచెం సిగ్గుగా ఉంది.

మరి నేను ఎందుకు రాశాను? సోమరితనం వల్ల కాదు. ఆరు వారాలు నాలుగున్నరకి లేచినదాన్ని. నిజం చెప్పాలంటే సిగ్గు వల్ల. మనది తెలుగు మీడియం బడి. పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు. బయటివాళ్ళు ఎవరైనా మన పని చూస్తున్నారంటే ఏ లోటూ కనబడకూడదని నాకు ఉంటుంది. పట్టికలో రెండు ఖాళీలు ఉంటే "వీళ్ళకి ఇది కూడా చేతకాలేదు" అంటారని భయపడ్డాను. ఖాళీ అంటే మన లోటు, సున్నా అంటే పిట్టల లోటు. లోటుని నా మీద నుంచి తీసి పిట్టల మీద వేశాను. మనలో చాలామందికి ఈ భయం ఉంటుందని నాకు తెలుసు. అందుకే దీన్ని ఈ పత్రికలో రాస్తున్నాను.

తర్వాత తెలిసింది ఏమిటంటే, పక్షుల లెక్కలు రోజూ తీసేవాళ్ళు ఖాళీకి సిగ్గుపడరు. ఈబర్డ్ అనే చోట ప్రపంచమంతా తమ లెక్కలు పెడతారు. అక్కడ ఒక పిట్టని చూశాం గానీ ఎన్నో తెలియకపోతే ఎక్స్ అని పెట్టొచ్చు. చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది, మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నీ రాశారా అని. కాదు అంటే కాదు అని నొక్కొచ్చు, ఎవరూ తిట్టరు. అంకె ఒక నిజం, సున్నా ఒక నిజం, ఎక్స్ ఒక నిజం, ఖాళీ ఒక నిజం. దేని చోట దాన్ని పెట్టాలి, అంతే. నిజంగా నిలబడి చూసి రాసిన సున్నా చాలా విలువైనది కూడా. నిన్నటిదాకా కొంగలు వాలిన చోట ఈ ఏడు సున్నా వచ్చిందంటే అక్కడ ఏదో జరిగిందని అర్థం. ఆ మాట మనం చెప్తే ఎవరైనా నమ్మాలంటే, మన దగ్గర దొంగ సున్నాలు ఉండకూడదు.

ఇంకో సంగతి నాకు అన్నిటికంటే ఆలస్యంగా తెలిసింది. ఆ రెండు వారాలు వాడికి ఎందుకు కుదర్లేదో ఏప్రిల్ ఆఖర్లో అడిగాను. వాళ్ళమ్మ పొద్దున ఇడ్లీ కొట్టు నడుపుతుంది. పని మనిషి మానేస్తే వాడే ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా పొయ్యి దగ్గర ఉన్నాడు. వాడు రాకపోతే మిగతా ఇద్దరు ఆడపిల్లల్ని ఇంట్లో పంపరు. ఇంతే సంగతి. ఖాళీ కాగితం నా చేతికి వచ్చినప్పుడు అది నన్ను ఒక ప్రశ్న అడిగింది, "ఎందుకు రాలేదో కనుక్కో" అని. నేను సున్నా రాసి దాని నోరు మూశాను. కనుక్కుని ఉంటే గుంపులు మార్చేవాళ్ళం, లేదా నేనే వెళ్ళి నిలబడేదాన్ని. నా సున్నా కింద పడింది గుడ్లు మాత్రమే కాదు, మా క్లాసు అబ్బాయి కష్టం కూడా.

అందుకని నా జవాబు ఇది. చూడని దాన్ని "లేదు" అని రాయడం అబద్ధమే, అది తర్వాత నిజమని తేలినా సరే. ఎందుకంటే "లేదు" అన్న మాట విన్నాక ఇంకెవరూ వెతకరు. "తెలియదు" అంటే ఎవరో ఒకరు వెళ్ళి చూస్తారు.

ఈ ఏడు పదో తరగతి కదా, ఆ పని తొమ్మిదో తరగతి వాళ్ళకి అప్పగించాం. పద్ధతుల కాగితంలో ఒక వాక్యం చేర్చాను. "వెళ్ళలేకపోతే గడి ఖాళీగా వదిలి, కారణం పక్కన రాయండి." 5వ చోటు కంకర నేల చుట్టూ రాళ్ళు పేర్చి గోతాలు వేయొద్దని ఆ పెద్దలే బోర్డు పెట్టారు. మిగిలిన రెండు గుడ్లు పిల్లలయ్యాయా అని మీరు అడగొచ్చు. మేం మళ్ళీ వెళ్ళేసరికి గుంట ఖాళీగా ఉంది. పొదిగి వెళ్ళాయో, ఏ కుక్కో తినేసిందో చూడలేదు. అందుకని ఆ గడిలో ఏమీ రాయలేదు.